గృహహింస, తల్లీబిడ్డల ఆరోగ్యంపై ఊళ్లో సర్వే: ప్రశ్న రాసుకోవడం నుంచి రిపోర్టు దాకా

వరంగల్, హనుమకొండల్లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), నర్సింగ్, కమ్యూనిటీ మెడిసిన్ చదివేవాళ్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు తరచూ అడిగేది ఇదే: "గృహహింస మీద ప్రాజెక్టు పెట్టుకున్నాం, ప్రశ్నావళి ఉంటే పంపండి." ప్రశ్నావళి దొరకడం కష్టమేమీ కాదు. కానీ దాని వంతు ఐదో మెట్టులో వస్తుంది. ముందు నాలుగూ వదిలేసి ఊళ్లోకి వెళ్తే రెండు విధాలా నష్టం. మీరు వచ్చి వెళ్లిన రాత్రి, మీకు జవాబులిచ్చిన ఆమెకు దెబ్బలు పడొచ్చు. మీ ఫారంలో మాత్రం అన్నీ "లేదు, లేదు" అనే ఉంటాయి.

ఐదేళ్లలోపు పిల్లలున్న, 18 ఏళ్లు నిండిన తల్లులతో ఇంటింటి సర్వే చేస్తున్నారనుకుని ఈ వరుస రాశాను. దవాఖానలో చేసేవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"మహిళలపై హింస, ఆరోగ్యంపై దాని ప్రభావం" అన్నది టైటిల్‌కు సరిపోతుంది, పరిశోధన ప్రశ్నకు సరిపోదు. ప్రశ్న ఇలా ఉండాలి: "గత 12 నెలల్లో భర్త కొట్టిన తల్లుల పిల్లల్లో, అలా జరగని తల్లుల పిల్లల కంటే టీకాలు పూర్తికానివాళ్లు ఎక్కువగా ఉన్నారా?"

ఎవరు చేసిన హింస, ఏ రకం హింస, ఎంత కాలంలో, ఎవరి ఆరోగ్యంలో ఏది కొలుస్తారు. ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పట్టాలి. పట్టకపోతే రెండు ప్రాజెక్టులు కలిపి చేస్తున్నారన్నమాట.

ముందే ఉన్న అంకెలు కూడా ఇప్పుడే చూసుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నారు. దేశం మొత్తానికి ఆ అంకె 29.3 శాతం. అదే సర్వేలో రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. హింస ప్రశ్నలు ఆ సర్వేలో కొన్ని ఇళ్లలోనే అడిగారు, కాబట్టి ఆ 36.9 రాష్ట్రం అంకె. దాన్ని "వరంగల్ జిల్లాలో 36.9 శాతం" అని రాయకూడదు. పిల్లల ఎత్తు, రక్తహీనత లాంటివి జిల్లాలవారీగా దొరుకుతాయి. అయితే అప్పటి పట్టికల్లో జిల్లాల పేర్లు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని ఉంటాయి. హనుమకొండ, వరంగల్ అన్న పేర్లు వచ్చింది 2021లో. ములుగు ఆ పట్టికల్లో విడిగా కనిపించదు.

2. సాయం దొరికే దారి ముందు, సర్వే తర్వాత

ఎవరో ఒకరు మీ ముందు ఏడుస్తారు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటవ్ బిడ్డా?" అని అడుగుతారు. ఆ క్షణంలో ఫోన్లో నంబర్ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అందుకే మొదటి ఇంటర్వ్యూకు కనీసం రెండు వారాల ముందు ఈ పని ముగించాలి.

మీరే స్వయంగా వెళ్లి కలవాల్సినవాళ్లు:

- జిల్లా సఖి కేంద్రం నిర్వాహకురాలు. కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, న్యాయ సాయం, కొద్ది రోజుల బస ఒకేచోట దొరికేది అక్కడే.
- మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణ అధికారి. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు నివేదిక రాసి కోర్టుకు పంపేది వీరే.
- జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత లాయర్ సాయం పొందే హక్కు ఉంది.
- ఆ మండలం పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్, ఏఎన్‌ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సు).
- పెద్ద గాయాలకు వరంగల్ ఎంజీఎం పెద్ద దవాఖాన, గర్భిణులకు సీకేఎం లేదా హనుమకొండ ప్రసూతి దవాఖాన. ఆయా చోట్ల ఎవరిని అడగాలో ఒక మనిషి పేరు మీ దగ్గర ఉండాలి.

కలిసినప్పుడు "మీ సేవలేంటి?" అని అడిగితే బోర్డు మీద ఉన్నదే చదివి చెప్తారు. ఇలా అడగండి: "రాత్రి తొమ్మిదికి నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఇద్దరు చిన్నపిల్లలతో ఒకామె ఫోన్ చేస్తే ఏం చేస్తారు? బండి వస్తుందా? మగపిల్లాడికి పన్నెండేళ్లుంటే తల్లితో ఉండనిస్తారా?" వాళ్లు చెప్పిన జవాబులు తేదీతో సహా రాసి పెట్టుకోండి.

నంబర్లు స్వయంగా డయల్ చేసి చూడండి: మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, మానసిక ఆరోగ్యానికి 14416, న్యాయ సాయానికి 15100. వీటిని చిన్న చీటీ మీద "తల్లీబిడ్డలకు అవసరమైన ఫోన్ నంబర్లు" అని అచ్చు వేయించండి. టీకాల తేదీలూ అందులోనే పెట్టండి. 181 వాటి మధ్యలో కలిసిపోతుంది. ఇంట్లో ఎవరు చూసినా అనుమానం రాదు. హింస గురించి విడి కరపత్రం ఇవ్వకండి.

ఈ మెట్టు దాటలేకపోతే, అంటే మీ ప్రాంతంలో సాయం చేసే ఒక్క మనిషి కూడా దొరక్కపోతే, ఇంటింటికీ వెళ్లి హింస గురించి అడగకండి. దవాఖాన రికార్డులతోనో, ఏఎన్‌ఎంలు, కౌన్సెలర్ల ఇంటర్వ్యూలతోనో ప్రాజెక్టు చేయండి. అదీ మంచి పనే.

3. అనుమతులు, అధ్యయనానికి పెట్టే పేరు

ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి లేకుండా పైలట్, అంటే ముందుగా చిన్నగా చేసి చూసే సర్వే కూడా చేయకూడదు. మీ కాలేజీలో కమిటీ లేకపోతే ఉన్న సంస్థను గైడ్ ద్వారా అడగాలి. కమిటీ ముందు పెట్టే కాగితాల్లో రెండింటిని ప్రస్తావించండి: గృహహింస పరిశోధనలో భద్రతపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన సూచనలు, భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు.

కమిటీ నుంచి ముఖ్యంగా అడిగి తీసుకోవాల్సింది సంతకం లేని సమ్మతి. మామూలు సర్వేలో సమ్మతి పత్రం కాపీ ఒకటి ఆమెకు ఇస్తారు. ఇక్కడ ఆ కాగితం భర్త చేతికి చిక్కితే ప్రమాదం. కాబట్టి నోటిమాటగా సమ్మతి తీసుకుని, తీసుకున్నట్టు ఇంటర్వ్యూ చేసిన మనిషి సంతకం పెట్టే పద్ధతికి అనుమతి కోరండి. కారణం వివరించి రాస్తే కమిటీలు ఒప్పుకుంటాయి.

ఊళ్లో చెప్పే పేరు "మహిళలు, పిల్లల ఆరోగ్యం, కుటుంబ జీవితం". సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి, ఆశా కార్యకర్తకు, ఇంటి పెద్దకు అదే చెప్పాలి. ఇది అబద్ధం కాదు, సర్వేలో అవన్నీ ఉంటాయి. హింస ప్రశ్నలున్నాయన్న సంగతి ఇంటర్వ్యూ ఇచ్చే ఆమెకు మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు పూర్తిగా చెప్పాలి.

కొందరు ఉత్సాహంతో గ్రామసభలో "గృహహింసపై సర్వే" అని బ్యానర్ కట్టి మొదలుపెడతారు. ఆ ఊళ్లో ఇక మీకు నిజం చెప్పేవాళ్లుండరు. బ్యానర్ అక్కర్లేదు, ఫొటోలు అంతకంటే అక్కర్లేదు.

4. ఎంతమంది, ఎవరు, ఎక్కడ

లెక్క ఇది. 37 శాతం అంచనా, అటూఇటూ 5 శాతం తేడా, 95 శాతం నమ్మకం పెట్టుకుంటే 359 మంది కావాలి. ఊళ్లను గుంపులుగా ఎంచుకుంటున్నారు కాబట్టి ఒకటిన్నర రెట్లు చేస్తే 539. పది శాతం మంది దొరకరు లేదా ఒప్పుకోరు అనుకుంటే 599. అంటే ఆరువందల ఇళ్లు. ఇది ఎంతమందికి హింస జరిగిందో చెప్పడానికి సరిపోయే లెక్క. రెండు గుంపుల పిల్లల్ని పోల్చాలంటే లెక్క వేరు, దానికి స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి.

ఒక్కరే చేసే ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఆరువందల ఇళ్లు మోయలేని బరువు. 60 మందిని సర్వే చేసి శాతాలు చెప్పడం కంటే, 12 నుంచి 15 మందితో లోతైన ఇంటర్వ్యూలు చేయడం నా దృష్టిలో వెయ్యిరెట్లు నయం.

ఎంపికలో తప్పనిసరి నియమాలు:

- ఒక ఇంట్లో ఒక్కరినే. అత్తాకోడళ్లు, తోడికోడళ్లు అర్హులైనా లాటరీ వేసి ఒకరినే తీసుకోవాలి. ఇద్దరినీ అడిగితే ఒకరిని అడిగినవి ఇంకొకరికి తెలిసిపోతాయి.
- ఆడవాళ్లను అడిగిన ఊళ్లోనే మగవాళ్లను హింస గురించి అడగకూడదు. అడగాల్సి ఉంటే వేరే ఊరు.
- ఆశా కార్యకర్త ఇల్లు చూపించి వెళ్లిపోవాలి. ఎవరిని అడగాలో ఆమె ఎంచకూడదు. ఎంచితే సమస్యలున్నాయని ఊరంతటికీ తెలిసిన ఇళ్లకో, లేదంటే అసలు గొడవల్లేని ఇళ్లకో తీసుకెళ్తుంది.
- పెళ్లయి 18 నిండని అమ్మాయి ఎదురైతే ఈ ప్రశ్నావళి వాడకూడదు. కారణం 9వ మెట్టులో ఉంది.

కాలం కూడా చూసుకోవాలి. దసరా ముందు బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, కోడళ్లు వాళ్ల పుట్టిళ్లకు పోతారు. ఆ తొమ్మిది రోజులు మీ జాబితాకూ ఇంట్లో కనిపించేవాళ్లకూ పొంతన ఉండదు. మేడారం జాతర వచ్చే ఏడు జాతర రోజుల్లో ములుగు, భూపాలపల్లి వైపు తాళాలే కనిపిస్తాయి. పత్తి ఏరే రోజుల్లో, ఆ తర్వాత మిర్చి ఏరే రోజుల్లో ఆడవాళ్లు పొద్దున పోయి పొద్దుగూకాక వస్తారు. అప్పటికి మగవాళ్లూ ఇంటికి చేరి ఉంటారు. ఖరీఫ్ నాట్లకు ముందు ఎండాకాలం చివర్లో మధ్యాహ్నం వేళ మనుషులు ఇంటి పట్టున దొరుకుతారు.

5. ప్రశ్నావళి

సొంతంగా తయారుచేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు దేశాల అధ్యయనంలో వాడిన ప్రశ్నలు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రశ్నలు ఉన్నాయి. వాటినే తీసుకుంటే మీ ఫలితాన్ని వేరేవాళ్ల ఫలితంతో పోల్చొచ్చు. మీరు చేయాల్సింది మాటలు మార్చడం.

"మీపై గృహహింస జరిగిందా?" అని అడిగితే "అట్లాంటిదేం లేదు" అంటారు. అలా అన్న మనిషే పది నిమిషాలు ఆగితే "కొట్టుడంటే గంతేం కాదు బిడ్డా, తాగొచ్చిన్నాడు రెండు దెబ్బలేస్తడు, అందరిండ్లల్ల ఉన్నదే గదా" అంటుంది. ఆమె దృష్టిలో అది హింస లెక్కలోకే రాదు. అందుకే చేసిన పనిని పేరుపెట్టి అడగాలి:

- చెంప మీద కొట్టిండా?
- చెయ్యి మెలిపెట్టిండా, జుట్టు పట్టి గుంజిండా?
- నెట్టేసిండా, ఏదన్న వస్తువు మీదికి విసిరిండా?
- పిడికిలితో గుద్దిండా?
- కాలుతో తన్నిండా, ఈడ్చిండా?
- గొంతు పిసికిండా, కాల్చిండా?
- కత్తో, గొడ్డలో చూపి బెదిరించిండా?

ప్రతిదానికీ మూడు అడుగులు: ఎప్పుడైనా జరిగిందా, గత 12 నెలల్లో జరిగిందా, ఎన్నిసార్లు. ఆపైన "కడుపుతో ఉన్నప్పుడు" అన్నది ఒక్కో కాన్పుకు విడివిడిగా అడగాలి. అన్ని కాన్పులూ కలిపి అడిగితే ఏ బిడ్డ బరువుకు ఏ గర్భం సంగతి జతచేయాలో తర్వాత మీకే తెలియదు.

అవమానించడం, బెదిరించడం, లైంగిక బలవంతం గురించిన ప్రశ్నలూ అలాగే. వీటికి తోడు మన దగ్గర తప్పక అడగాల్సినవి: దవాఖానకు పోవడానికి ఎవరిని అడగాలి? కూలి డబ్బులు ఎవరి చేతిలో ఉంటాయి? పుట్టింటికి ఫోన్ చేయనిస్తారా? తిండి దగ్గర కట్టడి ఉందా? పిల్లల ఆరోగ్యం మీద పడేది చాలావరకు ఈ దారిలోనే. దెబ్బ ఒంటి మీద తగులుతుంది. దవాఖానకు పోనివ్వకపోవడం మాత్రం మూడోనెల పరీక్ష నుంచి తొమ్మిదోనెల టీకా దాకా అన్నింటినీ వెనక్కి నెడుతుంది.

వరుస ఇలా ఉంచండి: కుటుంబం, పిల్లల టీకాలు, కాన్పులు, ఆమె ఆరోగ్యం, ఆలుమగల సంబంధం, ఆ తర్వాతే హింస. చివర్లో ఆమె దేన్ని ఎలా తట్టుకుని నిలబడిందో అడిగే రెండు ప్రశ్నలుండాలి. దెబ్బల లెక్క దగ్గర ఆపేసి లేచి రాకూడదు.

మనసు బాగోగులకు 20 ప్రశ్నల స్వీయ నివేదిక పట్టిక గానీ, బాలింతలకైతే కాన్పు తర్వాతి దిగులును కొలిచే ఎడిన్‌బరో స్కేల్ గానీ చాలు. రెండింటిలోనూ చావు గురించో, తనకు తాను హాని చేసుకోవడం గురించో వచ్చే ఆలోచనలపై ఒక ప్రశ్న ఉంది. దానికి "అవును" వస్తే ఏం చేయాలో రాసిపెట్టుకోకుండా ఆ పట్టిక వాడకండి.

అనువాదం అయ్యాక తెలుగు మాత్రమే వచ్చిన ఒకరి చేత మళ్లీ చదివించండి. పుస్తకం తెలుగు "భౌతికంగా గాయపరచుట" పనికిరాదు. తండాల్లో లంబాడీ భాషలో, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు గూడేల్లో కోయ భాషలో అడగగలిగే మనిషి ఉండాలి. ఆ మనిషి ఆ తండాదో, ఆ గూడెందో కాకూడదు.

6. అడిగేవాళ్ల ఎంపిక, శిక్షణ

ఆడవాళ్లే అడగాలి, పక్క మండలం వాళ్లైతే మంచిది. మరీ చిన్నవయసు పిల్లలైతే ముప్పయ్యేళ్ల తల్లి మొహమాటపడుతుంది. ఎంపికలో నేను చూసేది డిగ్రీ కాదు. ఎదుటి మనిషి ఆగినప్పుడు తనూ ఆగగలదా అన్నది చూస్తాను. మౌనం భరించలేక వెంటనే తర్వాతి ప్రశ్నలోకి దూకేవాళ్లను లెక్కలు ఎక్కించే పనిలో పెట్టండి.

రెండురోజుల శిక్షణ సరిపోదు. కనీసం వారం, వీలైతే రెండు వారాలు. అందులో సగం నటించి చూపే అభ్యాసమే. ఒకరు తల్లి, ఒకరు అడిగే మనిషి, ఇంకొకరు ఉన్నట్టుండి తలుపు తోసుకొచ్చే అత్త.

శిక్షణలో పాల్గొన్న అమ్మాయిల్లోనూ హింస చూసినవాళ్లుంటారు. మొదటిరోజే ఆ మాట చెప్పి, ఎవరైనా తప్పుకోవాలనుకుంటే కారణం చెప్పనక్కర్లేదని, లేదంటే వేరే పని తీసుకోవచ్చని భరోసా ఇవ్వండి. రోజుకు మూడు నాలుగు ఇంటర్వ్యూలు మించకూడదు. సాయంత్రం అందరూ కూర్చుని ఆ రోజు విన్నవి దింపుకోవాలి. వారానికి ఒకరోజు పూర్తి సెలవు. బడ్జెట్‌లో మొదట కోత పడేది వీటికే, పడనివ్వకండి.

7. ఇంటి దగ్గర

అసలు పని ఇక్కడుంది. మన ఊళ్లలో ఒంటరితనం దొరకదు. మీరు వాకిట్లో కాలు పెట్టగానే అత్త పీట వేసుకుని కూర్చుంటుంది, పక్కింటామె "ఏం రాస్తున్నరు, పింఛన్లా?" అంటూ వస్తుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. కసురుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుని కూర్చుంటారు.

ఇద్దరు వెళ్లండి. మొదటి పావుగంట అందరి ముందే మామూలు ప్రశ్నలు: ఎంతమంది, ఏం పని, తాగునీళ్లు ఎక్కడివి. ఆ తర్వాత ఒకరు తూకం మిషన్, ఎత్తు కొలిచే బల్ల తీసుకుని "అవ్వా, పిల్లగాన్ని పట్టుకోరాదు, అటు చదును మీద తూకం చూద్దాం" అని అత్తను మర్యాదగా అటు తీసుకెళ్లాలి. పిల్లవాడి బరువు, ఎత్తు, జబ్బచుట్టు కొలత, కార్డు చూడడం, అత్తగారి బీపీ చూడడం, వీటికి ఇరవై నిమిషాలు తేలిగ్గా పడుతుంది. ఆ కొలతలు మీకు నిజంగానే కావాలి. ఆమె వయసుకు బీపీ చూడడమూ మంచిదే.

ఇటు రెండో మనిషి తల్లి దగ్గర గొంతు తగ్గించి చెప్పాల్సిన మాట:

"అక్కా, ఇప్పుడు అడిగేటివి ఆలుమగల నడుమ ముచ్చట్లు, కొట్లాటల గురించి కూడ ఉంటయ్. చెప్పబుద్ధి కాని దానికి చెప్పకున్నా ఏం కాదు, మధ్యల ఆపేసినా ఏం కాదు. మీ పేరు ఎక్కడా రాయం. ఎవరన్న వస్తే నేను టీకాల గురించి అడుగుత, మీరు గూడ అదే చెప్పుండ్రి."

ఆ చివరి మాట చాలా ముఖ్యం. మాట మార్చడానికి టీకాల ప్రశ్నల కాగితం ఒకటి ఫారం పైనే ఉండాలి. ఎవరు వచ్చినా వాక్యం మధ్యలోనైనా సరే "తొమ్మిదోనెల సూది వేయించిన్రా?" అని అందుకోవాలి. మాట వినిపించేంత దూరంలో రెండేళ్లు దాటిన బిడ్డ ఎవరున్నా హింస ప్రశ్నలు వద్దు. ఆ వయసు పిల్లలు విన్నది రాత్రి తండ్రి దగ్గర అప్పజెప్తారు.

ఇంట్లో కుదరకపోతే వేరే చోటు చూడాలి. టీకాలు వేసే బుధవారం, శనివారం సబ్‌సెంటర్‌లో లోపలి గది, అంగన్‌వాడీలో పిల్లలు తిని పడుకున్నాక, లేదా చేను గట్టు. దవాఖానలో చేసేవాళ్లు వార్డులో మంచం పక్కన నిలబడి అడగకూడదు, తెర ఉన్నా మాట ఆగదు. ఇంజెక్షన్ గదో కౌన్సెలింగ్ గదో సూపరింటెండెంట్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

మూడుసార్లు వెళ్లినా ఒంటరిగా దొరక్కపోతే ఆ భాగం వదిలేసి "ఏకాంతం దొరకలేదు" అని రాయండి. అదీ డేటాయే. అలా ఎన్ని ఇళ్లలో జరిగిందో రిపోర్టులో చెప్పాలి.

భర్త వచ్చి "ఏమడుగుతున్నరు?" అని గట్టిగా నిలదీస్తే వాదన వద్దు. మామూలు ఆరోగ్య ప్రశ్నల కాగితం చేతికిచ్చి చూపించండి, పిల్లల కొలత చెప్పండి, నెమ్మదిగా లేచి రండి. ఆ ఇంటికి మళ్లీ ఒంటరిగా వెళ్లకండి.

8. పిల్లల కొలతలు

ఇది త్వరగా ముగిసే భాగమే కానీ ఇక్కడి తప్పులు తర్వాత దిద్దలేం.

- వయసు తల్లి చెప్పిన నెలలు కాదు, తల్లీబిడ్డల కార్డు లేదా జనన ధ్రువపత్రం మీది తేదీ.
- పుట్టిన బరువు కార్డులో ఉన్నదే. లేకపోతే "తెలియదు". 2.5 కిలోల కంటే తక్కువైతే తక్కువ బరువు.
- రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు, ఆపైవాళ్లను నిలబెట్టి ఎత్తు కొలవాలి.
- జబ్బచుట్టు కొలత 6 నుంచి 59 నెలల పిల్లలకు. ఎడమచేతి మోచెయ్యి వంచి, భుజం కొనకూ మోచేతి కొనకూ మధ్య గుర్తుపెట్టి, చెయ్యి వదులుగా వేలాడదీసి కొలవాలి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు మధ్యస్థం.
- తీవ్ర లోపం కనిపిస్తే అదే రోజు అంగన్‌వాడీ టీచర్‌కు, ఏఎన్‌ఎంకు చెప్పాలి. సర్వే అయ్యాక కాదు.

9. ఆమె చెప్పాక

ముందు వినడం. తర్వాత ఒకే మాట: "చెప్పినందుకు మంచిదక్కా. మీ తప్పు కాదిది." సలహా ఇవ్వకండి. "వదిలేసి వచ్చేయండి" అని బయటివాళ్లు చెప్పడం తేలిక. ఇల్లు విడిచే రోజులే చాలామందికి అన్నిటికంటే ప్రమాదకరమైనవి. "సర్దుకుపో" అనీ అనకండి. ఆమె అడగకుండా కుల పెద్దల పంచాయితీకో, సంఘం లీడర్‌కో, పోలీసులకో చెప్పకండి. పెద్దవాళ్ల విషయంలో అడుగు వేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఏ దారులున్నాయో చెప్పి, చీటీ ఇచ్చి, ఆమె కోరితే సఖి కేంద్రానికి అక్కడి నుంచే ఫోన్ కలిపి ఇవ్వండి. ఆ నంబర్ ఆమె ఫోన్లో మిగలకుండా మీ ఫోన్ వాడండి.

ఆమె మాటకోసం ఆగకుండా కదలాల్సిన సందర్భాలు రెండు.

ఒకటి, 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం. పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం శిక్షార్హం. పరిశోధకులకు మినహాయింపు లేదు. పెళ్లయిన మైనర్ బాలికను లైంగిక హింస గురించి అడిగితే మీరు నేరుగా ఇందులోకి వస్తారు, 18 నిండినవాళ్లనే తీసుకోమన్నది అందుకే. ఈ పరిమితి సమ్మతి అడిగేటప్పుడే చెప్పాలి. అన్నీ రహస్యంగా ఉంచుతామని మాటిచ్చి తర్వాత తప్పడం ద్రోహం.

రెండోది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన. పత్తి చేన్లున్న మన ఊళ్లలో పురుగుల మందు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి "ఎప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోందా, ఎట్లా అన్నది ఆలోచించిన్రా" అని నేరుగా అడగాలి. అడిగితే ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకండి, ఆమె నమ్మే ఒక మనిషిని పిలిపించండి, మందు డబ్బా ఆ ఇంటి నుంచి తీయించండి, 14416కు కలపండి, పీహెచ్‌సీ డాక్టర్‌కు చెప్పండి. ఆ రోజు మిగతా ఇంటర్వ్యూలు ఆగిపోయినా ఫర్వాలేదు.

10. డేటా

ఫారం మీద పేరు, ఇంటి నంబర్ ఉండకూడదు, కోడ్ మాత్రమే. కోడ్‌కూ ఇంటికీ సంబంధం చూపే జాబితా వేరే చోట, తాళం కింద. ఫోన్‌లో నింపుతుంటే ఆఫ్‌లైన్ ఫారం, స్క్రీన్ లాక్, పంపగానే ఫోన్ నుంచి తీసేయడం. టీమ్ వాట్సాప్ గ్రూపులో "ఇవాళ ఫలానా ఇంట్లో..." అన్న ముచ్చట పూర్తిగా నిషేధం. డేటా బయటికి పోయేది ఎక్కువగా అక్కడి నుంచే. గొంతు రికార్డు చేసే ఇంటర్వ్యూల్లో పేర్లు దొర్లుతాయి, కాగితం మీదికి ఎక్కించేటప్పుడు తీసేసి, ఆడియో చెరిపేయండి.

ప్రతి వారం, అడిగినవాళ్లవారీగా "అవును" శాతం చూడండి. అందరికీ 30-40 మధ్య వస్తూ ఒకరికి మాత్రం 5 వస్తే ఆ అమ్మాయి ఊళ్లు మంచివని కాదు. ప్రశ్నలు గబగబా చదివేస్తోందో, అత్త పక్కనుండగానే అడిగేస్తోందో వెళ్లి చూడాలి.

11. విశ్లేషణలో జరిగే తప్పులు

"హింస వల్ల పిల్లలు బక్కచిక్కారు" అని రాయలేరు. ఒకేసారి చేసిన సర్వే సంబంధం ఉందని చూపగలదు, కారణమని తేల్చలేదు. పేదరికం, తండ్రి తాగుడు, చిన్నవయసు పెళ్లి రెండింటి వెనకా ఉండొచ్చు. వాటిని లెక్కలోకి తీసుకోవాలి.

అయితే కనిపించిన ప్రతిదాన్నీ మోడల్‌లో, అంటే లెక్కగట్టే సమీకరణంలో వేయకూడదు. తల్లి దిగులు, గర్భిణిగా పరీక్షలు మానడం, ఇవి హింసకూ బిడ్డ ఆరోగ్యానికీ మధ్య దారి. ఆ దారిని "సర్దుబాటు" చేస్తే, అంటే దాని ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే, సంబంధమే మాయమైనట్టు కనిపిస్తుంది. కాగితం మీద బాణాలు గీసుకుని ఏది ముందు, ఏది మధ్య అని తేల్చుకున్నాకే సాఫ్ట్‌వేర్ తెరవండి.

"ఎప్పుడైనా", "గత 12 నెలల్లో" అన్న రెండు అంకెల్ని ఒక వాక్యంలో కలపకండి. ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి విశ్లేషణలో ఆ గుంపును గుర్తించాలి. వచ్చిన శాతం కనీసపు అంచనా మాత్రమే. చెప్పనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. జాతీయ సర్వేలోనే దేశం మొత్తంమీద హింస ఎదుర్కొన్నవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతమే.

12. రిపోర్టు, ఊరికి చెప్పడం

ఊరి పేరు రాయకండి, "వర్ధన్నపేట ప్రాంతంలోని ఒక ఊరు" అన్నా కొన్నిసార్లు ఎక్కువే. "ముగ్గురు ఆడపిల్లలున్న 26 ఏళ్ల అంగన్‌వాడీ ఆయా" అంటే పేరు చెప్పినట్టే. ఉదాహరణల్లో వయసు, వృత్తి, పిల్లల సంఖ్యలో ఏదో ఒకటి తీసేయండి. పట్టికలో ఐదుగురి కంటే తక్కువున్న గడిని పక్క గడిలో కలపండి. కులాలవారీగా, తండాలవారీగా శాతాలు ఇవ్వాల్సిన అవసరం నిజంగా ఉందా అని రెండుసార్లు ఆలోచించండి. "ఫలానావాళ్లే కొడతారు" అన్న హెడ్డింగ్ పత్రికలో వచ్చాక వెనక్కి తీసుకోలేం.

అధికారులకు ఇచ్చేది రెండు పేజీలు చాలు. అందులో అంకెలతోపాటు చేయదగ్గ పనులుండాలి: టీకాల రోజు సబ్‌సెంటర్‌లో తలుపు వేసుకునే గది, మూడోనెల పరీక్షకు రానివాళ్ల ఇంటికి ఏఎన్‌ఎం వెళ్లడం, సఖి కేంద్రం చేరడానికి రాత్రి బండి.

ఊరికి తిరిగి వెళ్లి ఫలితాలు చెప్పండి, కానీ ఆ ఊరివి విడిగా కాకుండా అన్ని ఊళ్లూ కలిపి. మహిళా సంఘం మీటింగ్‌లో టీకాలు, రక్తహీనత గురించి చెప్తూ 181 గురించి అందరికీ ఒకేలా చెప్పండి. ఇంటర్వ్యూ ఇచ్చిన ఆమె ఎదురైతే ఆమె పలకరిస్తేనే పలకరించండి. కోడ్ జాబితా చెరిపేసే తేదీ ఎథిక్స్ కమిటీకి ముందే రాసిచ్చి ఉంటారు. ఆ రోజున చెరిపేసి, చెరిపేశామని కమిటీకి ఒక లెటర్ పెట్టండి.